గ్రాఫులో గీకేసిన చుక్క

మా పై వాటాలో కిరాయికుంటూ గ్రూప్స్‌కు చదువుకునే అమ్మాయి, అశోక్‌నగర్‌లో ఎవరో కేబుల్ కోసం తవ్వి పూడ్చకుండా పోయిన గుంతలో కాలు పెట్టి పడి, మోకాలు గీరుకుపోయి మొన్న పొద్దున కుంటుకుంటూ మెట్లెక్కుతుంటే, పట్టి కూర్చోబెట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా తీసి దెబ్బ మీద పోశాను. తెల్లటి నురగ బుసబుసా పొంగింది. ఆ నురగ చూస్తే చాలు, నాకు ముప్పై ఏళ్ల కిందటి కోపం కూడా అట్లాగే పొంగుతుంది. వయసు పైబడితే మనిషి శాంతిస్తుందని చెప్పినవాళ్లు ఎవరో గానీ, నన్ను మాత్రం చూసి ఉండరు.

క్రిములు చస్తున్నయి గదా ఆంటీ అని అడిగిందా పిల్ల. కాదు బిడ్డా, నీ రక్తంలోనే క్యాటలేజ్ అనే ఎంజైము ఉంది, అది ఈ మందును నీళ్లుగా, గాలిగా విడగొడుతుంది, ఆ గాలే ఈ నురగ అని చెప్పాను. ఆ పేరు వినగానే సంచిలోంచి కోచింగ్ వాళ్లిచ్చిన నోట్సు తీసి చూపించింది. బ్యాక్టీరియా క్యాటలేజ్‌ను ఎప్పుడు ఎక్కువగా తయారుచేస్తుంది అని ప్రశ్న. బయటినుంచి పెరాక్సైడ్ తగిలినప్పుడు మాత్రమే అని కింద జవాబు. ఆ 'మాత్రమే' చూసేసరికి నా ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆ ఒక్క మాట మీద నేనొకప్పుడు వారం రోజులు కొట్లాడి, ఓడిపోయాను.

అప్పుడు మేము చిక్కడపల్లిలో ఉండేవాళ్లం, నేను నారాయణగూడలో ఒక కాలేజీ మూడో అంతస్తు ల్యాబులో ఎమ్.ఫిల్. చేస్తుండేదాన్ని. ల్యాబంటే ఏమేమో ఊహించుకోకండి. ఫ్లాస్కులను ఊపే షేకర్ ఒకటి, అది ఊగితే కిటికీ అద్దాలూ ఊగేవి. మబ్బు పట్టిన ద్రవం ఎంత చిక్కబడిందో చెప్పే కలరిమీటర్ ఒకటి, దాని ముల్లుకు బుద్ధిపుడితేనే కదిలేది. నా పని వినడానికి సులువే. గాలి పీల్చి బతికే ప్రతి జీవికీ ఆ గాలితోనే ఒంట్లో పెరాక్సైడ్ లాంటి విషాలు పుడతాయి, వాటిని విరగ్గొట్టడానికి క్యాటలేజ్ కావాలి. బ్యాక్టీరియా పెరిగే కొద్దీ దాన్ని ఎప్పుడెంత చేసుకుంటుందో అరగంటకొకసారి ఫ్లాస్కులోంచి కాస్త తీసి కొలవాలి. ఆ తీసినదానికి పెరాక్సైడ్ కలిపి, విరగకుండా మిగిలినదెంతో గులాబి రంగు పర్మాంగనేట్‌తో లెక్కగట్టి, గ్రాఫులో ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోవాలి. నా వేళ్లకు ఆ మరక ఎప్పుడూ ఉండేది, పెళ్లిళ్లలో చుట్టాలు మైదాకు సరిగ్గా పండలేదని జాలిపడేవాళ్లు.

మా గైడ్ సారు సిద్ధాంతం ఒక్కటే: దెబ్బ తగలనిదే బ్యాక్టీరియా కవచం తొడుక్కోదు. అందులో సగం నిజమే. జోరుగా పెరుగుతున్నప్పుడు కాస్త పెరాక్సైడ్ తగిలిస్తే క్యాటలేజ్ గబగబా పెరిగేది, తగిలించకపోతే పెద్దగా ఉండేది కాదు. నేనే ఎన్నోసార్లు చూశాను. చిక్కంతా మిగతా సగంతోనే వచ్చింది.

నా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా గల్లీలో దినం విడిచి దినం నల్లా వచ్చేది, అదీ చెప్పిన టైముకు వస్తే ఆశ్చర్యపడేవాళ్లం. ఆ రోజు అమ్మకు నడుము పట్టేసింది. పొద్దున రావలసిన నీళ్లు మధ్యాహ్నం వస్తాయని కబురందింది. నేను పోకపోతే పక్క వాటా అత్త మా వంతు కూడా తన డ్రమ్ముల్లోకి పట్టేసుకుని, పైగా నీళ్లు సన్నగా వచ్చినయే అని మాకే చెప్పగల ఘనురాలు. పోల్చి చూడడానికి పెరాక్సైడ్ కలపకుండా పెంచుతున్న ఫ్లాస్కును షేకర్ మీద అట్లాగే వదిలేసి, చున్నీ నడుముకు చుట్టుకుని ఇంటికి పరుగెత్తాను. బిందెలు, బకెట్లు, చివరికి పప్పు గిన్నె దాకా అన్నీ నింపి, అత్తతో పడాల్సిన మాటలు పడి, అనాల్సినవి అని, సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చాను. అప్పటికి ఫ్లాస్కులో తిండి అయిపోయి బ్యాక్టీరియా పెరగడం ఆగిపోయింది. పద్ధతి ప్రకారం దాన్ని పారబోయాలి. ఒక రోజు పని దండగైందన్న కచ్చతో, పోయేదేముందిలే అని పరీక్షనాళికలో పోసి పెరాక్సైడ్ కలిపాను. నురగ నాళిక దాటి, స్టాండు మీదుగా, నా రికార్డు పుస్తకం మీదికి పొర్లింది. పెరాక్సైడ్ ముఖమే ఎరగని బ్యాక్టీరియా అన్నిటికన్నా ఎక్కువ క్యాటలేజ్ చేసిపెట్టుకుంది!

మా సీనియర్ అక్క చూసి, నల్లా దగ్గరికి ఉరికినవ్ గదా, అందులో ఏదో పడి ఉంటది అంది. పడలేదని నిరూపించడానికి ఫ్లాస్కులోది కాస్త తీసి గాజు ప్లేటు మీద గీసి పెంచి చూశాను, మా బ్యాక్టీరియా తప్ప మరొకటి మొలవలేదు. ఈసారి కావాలనే మూడుసార్లు ఫ్లాస్కును సాయంత్రం దాకా ఊపించాను. మూడుసార్లూ అదే నురగ. గ్రాఫు తీసుకుని సారు దగ్గరికి పోయాను. తిండి తగ్గుతున్నట్టు అనిపించగానే, ఒంట్లో శక్తి ఉండగానే, రాబోయే కష్టానికి అది ముందే సిద్ధమవుతుంది సార్, మా అమ్మ నల్లా ధార సన్నబడగానే ఉన్న గిన్నెలన్నీ నింపుతుంది, బంద్ అయ్యాక బిందె పెట్టి ఏం లాభం అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇది సైన్సమ్మా, నల్లాకాడ పంచాయితీ కాదు. ఆ చివరి చుక్క తీసెయ్, గీత చక్కగొస్తది."

వారం రోజులు వాదించాను. సంతకం ఆయనది. సంతకం లేకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే నాకోసం ఒక జూనియర్ కాలేజీవాళ్లు ఆపి ఉంచిన ఉద్యోగం లేదు. ఎనిమిదో రోజు సగం బ్లేడు తీసుకుని, ట్రేసింగ్ కాగితం మీద ఇండియన్ ఇంకుతో పెట్టిన ఆ చుక్కను నేనే గీకేశాను. కూరగాయల బండి దగ్గర అర్ధ రూపాయికి అరగంట వాదించే మనిషిని, నా కళ్లతో చూసిన దానికోసం ఎనిమిదో రోజు నిలబడలేకపోయాను. తర్వాత కొన్నాళ్లకు, మా లైబ్రరీకి ఆలస్యంగా చేరిన పత్రికల్లో ఆ సంగతి అంతకుముందే అచ్చయి ఉండడం చూశాను. పెరగడం ఆగే వేళకు దానంతట అదే చేసుకునే క్యాటలేజ్ వేరే ఉందట! నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదన్నమాట. అయినా ఏడుపొచ్చింది.

ఇదంతా ఆ పిల్లకు చెప్పి, పో, మీ సారుకు తప్పని చెప్పు అని గద్దించాను. అది ఫోన్ తీసి అర నిమిషంలో సరైన జవాబు చూసుకుని, మీరు చెప్పిందే కరెక్ట్ ఆంటీ అని ఒప్పుకుని, ఆదివారం టెస్టులో మాత్రం కోచింగ్ వాళ్ల జవాబుల కీ లో ఉన్నదే పెడతానంది. అంత మందిలో లేచి చెబితే నవ్వుతరు, ఇది నాకు మూడో అటెంప్ట్ అంది. నాకు తిక్క రేగి, అటక మీదినుంచి, ఆ ట్రేసింగ్ కాగితాన్నే లోపల కుట్టించి దాచుకున్న నా నల్ల అట్ట థీసిస్ దింపి, గీకిన జాగా చూపించి, చూడు, ఇట్లా చేస్తే ముప్పై ఏళ్లు కడుపు మండుతుంది అన్నాను. ఆ పిల్ల అక్కడ వేలితో తడిమి చూసింది.

"మరి మీరు గూడ కీ నే రాసిన్రు గదా ఆంటీ."

పొగరుగా అనలేదు, ఉన్నమాట అన్నట్టు అంది. దూది సరిచేసి పట్టీ వేసి పంపించాను.

ఇప్పుడు మా ఇంట్లో బోరుంది, అది ఎండితే ట్యాంకరొస్తుంది, ధార సన్నబడిందని కనిపెట్టే కళ్లు ఎవరికీ అక్కర్లేదు. పత్రిక కోసం నెలలు ఎదురుచూసిన కాలం పోయి, నిజం అర నిమిషం దూరానికి వచ్చింది. అయినా అది పట్టుకుని లేచి నిలబడడానికి కావలసిన గుండె ఆ పిల్లకు నాకంటే తక్కువేం లేదు, ఎక్కువా లేదు. పిల్ల వెళ్లాక ఇంకు పెన్ను తీసి, ఆ చుక్కను దాని చోట మళ్లీ పెట్టాను. బ్లేడుతో గీకిన కాగితం గదా, ఇంకు పట్టక చుట్టూ పాకి, ఉండవలసిన దానికన్నా పెద్దదైంది. ఉండనీ. ఆరేదాకా పుస్తకం మూయకుండా కూర్చున్నాను.