ఎర్ర డబ్బాకు కట్టిన తీగ

మా వంటింట్లో మంట లేచిన రోజు ఎర్ర డబ్బా ఎందుకు పనిచేయలేదో నాకు తెలుసు. తెలిసి కూడా నోరు విప్పలేదు. అందరూ కలిసి ఆ తప్పును మా వంటమనిషి చాచా మీద వేస్తుంటే పక్కనే కూర్చుని అన్నం కలుపుకున్నాను. నిజం బయటపడక ముందే మా విల్లా వదిలి వేరే ఊళ్లకు మారినవాళ్లు కొందరు ఇప్పటికీ చాచా అజాగ్రత్త వల్లే అదంతా జరిగిందని చెప్పుకుంటున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఒమాన్‌లోని అల్ ఖౌద్‌లో ఒక పాత విల్లాను మేమంతా కలిసి అద్దెకు తీసుకున్నాం. ఎక్కువమందిమి జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లం. నాది సైట్‌లో రాడ్ బైండింగ్. ఇనుప కడ్డీలను సన్నటి తీగతో కట్టుకుంటూ పోవడమే నా డ్యూటీ. మా ఇంట్లో ఆ పని చేసేవాణ్ని నేనొక్కణ్నే. మిగతావాళ్లు ప్లాస్టరింగ్, టైల్స్, డ్రైవింగ్.

ఎండలో పనిచేసి వచ్చాక వండుకునే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని మెస్ పెట్టుకుని, వంటకు చాచాను కుదుర్చుకున్నాం. ఆయనది కడప. మా అందరికంటే వయసులో పెద్ద. వాళ్లింట్లో ఉర్దూ, మాతో మాత్రం సీమ తెలుగు. ఆయన వచ్చిన రోజు, మాతోనే ఉంటూ మెస్ పెత్తనం చూసే మేస్త్రి అందరి ముందూ పెద్ద గరిటె చాచా చేతికిచ్చాడు. మా దగ్గర అదో పద్ధతి. గరిటె ఎవరి చేతిలో ఉంటే వంటింట్లో వాళ్ల మాటే చెల్లుతుంది. ఉప్పు తక్కువైందని గొణగొచ్చు గాని, గిన్నె మూత తీసి చూడకూడదు.

వంటింటి తలుపు పక్కన గోడకు మంటలార్పే ఎర్ర సిలిండర్ ఒకటి వేలాడుతుండేది. మేం రాకముందు నుంచీ ఉంది. దాన్ని డబ్బా అనేవాళ్లం. దాని ముక్కుకు గుడ్డలు ఆరేసేవాళ్లం.

మంట లేవడానికి ముందటి చలికాలంలో ఒకరోజు నాకు సెలవు. చాచాతో సహా ఇంట్లో ఎవరూ లేరు. సాయంత్రం అందరికీ వండుదామని చాచా మసాలా పట్టించి పెట్టిన మటన్‌లోంచి కొన్ని ముక్కలు తీసుకుని, పెరట్లో బొగ్గుల మీద కాల్చుకుందామనుకున్నాను. కొవ్వు కారి మంట ఒక్కసారిగా పైకి లేచింది. పక్కనే ఖర్జూరపు మట్టల పందిరి. భయమేసి డబ్బా తెచ్చి పిన్ను లాగి నొక్కాను. తెల్లటి పొడి బుస్సుమంది. మంట ఆరింది. మటన్ మాత్రం సున్నం కొట్టినట్టయింది.

చెప్పి ఉంటే నాలుగు రోజులు నవ్వేవాళ్లు, అంతే. ఆ నవ్వుకే భయపడ్డాను. ముక్కలు పారేసి, నేల కడిగి, పిన్ను మళ్లీ గుచ్చాను. దాని ప్లాస్టిక్ సీలు తెగిపోయింది గనుక జేబులో ఉన్న బైండింగ్ వైర్‌తో గట్టిగా మెలిపెట్టి కట్టాను. కొంచెమేగా వాడింది, ఇంకా బోలెడంత ఉంటుందిలే అనుకున్నాను. సైట్‌లో సగం వాడిన సిమెంటు సంచి మూతి కట్టి పెట్టినట్టే పెట్టాను.

వేసవి మొదట్లో, ఒక శుక్రవారం పొద్దున, చాచా పూరీలకు మూకుడు పెట్టాడు. నేను బయట బట్టలు ఉతుకుతున్నాను. "ఆగ్! ఆగ్!" అంటూ, మంట మంటని ఉర్దూలో ఆయన వేసిన కేక వినపడి పరిగెత్తాను. మూకుడులో నూనె అంటుకుని మంట పైనున్న చెక్క అలమరను తాకుతోంది. చాచా డబ్బా పట్టుకుని నా ముడి విప్పుతున్నాడు. చేతులు తొందరపడేకొద్దీ ఆ తీగ బిగుస్తోంది. చివరికి సగం తెంపి, పిన్ను లాగి నొక్కాడు. చిటికెడు దుమ్ము రాలింది. అంతే.

ఆయన డబ్బా పారేసి, గ్యాస్ కట్టేసి, అన్నం గుండిగ మీది పెద్ద మూత తీసి రెండు చేతులతో మూకుడు మీద బోర్లించాడు. మంట ఆరింది. ఎడమ చెయ్యి మణికట్టు దాకా కాలింది.

ఇంటి యజమాని, ఒమానీ పెద్దాయన, వచ్చి మసిబారిన గోడ చూశాడు. గోడ, అలమర తాను బాగుచేయిస్తానని, మంటార్పే సామాను మాత్రం మమ్మల్నే పెట్టుకోమని చెప్పి వెళ్లాడు. మాతో ఉండే డ్రైవర్ వెళ్లి దుకాణంలో ధర కనుక్కొచ్చాడు. వంటింటికి సరిపడే కొత్త సిలిండరు, మంట మీద కప్పే దుప్పటి, పొగ వస్తే మోగే అలారం, గ్యాస్‌కు కొత్త పైపు. అన్నీ కలిపితే దసరాకు మేకపోతును కోసుకోవడానికని మేం దాచుకున్న సొమ్మంతా అయిపోతుంది. మరుసటి శుక్రవారం భోజనాల దగ్గర దాని మీదే పంచాయితీ.

"అంటే ఈసారి దసరాకు యాట లేదన్నట్టేనా?" అన్నాడు మేస్త్రి. "గోడకు తగిలిచ్చే సామానుకు గన్ని రియాల్లా?"

"మంటొస్తే యాట ఆర్పుతదా మేస్త్రీ?" అన్నాడు డ్రైవర్.

"నువ్వు ఊకో. ఉన్న డబ్బానే సక్కగ పెట్టుకోలేదు మనం. కొత్తదైతే ఏం జేస్తది? గది ఖాళీ ఎట్లయింది, ముందు గది చెప్పుండ్రి. వంటింట్ల ఉండేదెవరు?"

అందరూ చాచా వైపు చూశారు. చాచా కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను ముట్టుకోలేదప్పా. దుమ్ము తుడిసేవాణ్ని, అంతే. దానికి యాదో తీగ సుట్టి ఉండాది. నేను సుట్టింది గాదు."

"తీగ దానంతట అదే సుట్టుకుంటదా చాచా?" అన్నాడు డ్రైవర్. అందరూ నవ్వారు.

"వంట మనిషిని మారిస్తే పైస ఖర్చు లేదు" అన్నాడు మేస్త్రి. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నేను చెప్పాల్సింది. చెప్పలేదు. దానికి బదులు గొంతు పెంచి, సామాను కొనాల్సిందేనని, పండగ వచ్చే ఏడు కూడా వస్తుందని, అలారం లేని ఇంట్లో ఇంతమందిమి పడుకుంటున్నామని మాట్లాడాను. అన్నీ నిజాలే. వాటి వెనక దాక్కున్నాను. మాట్లాడి మాట్లాడి అందరినీ ఒప్పించాను. "మనల వీనికే బుద్ధున్నది" అన్నాడు మేస్త్రి. చాచా కూడా నా వైపు చూసి, "మంచి మాట చెప్పినావు నాయనా" అన్నాడు. నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.

ఆయన్ని పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు. సాయంత్రం ఆయన గరిటె కడిగి తెచ్చి మేస్త్రి ముందు పెట్టాడు. "మీరు తినేది నా చేతి కూడు. నా మింద అనుమానం పెట్టుకోని ఎట్ల తింటారప్పా?" అన్నాడు. కొండల అవతల బహ్లా అనే ఊళ్లో ఎరిగినవాళ్ల కెఫ్టీరియా ఉందని, అక్కడికి వెళ్లిపోయాడు. మేం మళ్లీ వంతులు వేసుకుని వండుకోవడం మొదలుపెట్టాం. ఒకడి పప్పు గోడకు రాస్తే అంటుకునేట్టుండేది, ఇంకొకడిది చేతులు కడుక్కోవడానికి పనికొచ్చేది. చాచా పేరు మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

కొత్త సామాను బిగించడానికి దుకాణం నుంచి ఒక మలయాళీ మెకానిక్ వచ్చాడు. అలారం బిగించాక మమ్మల్ని పెరట్లోకి పిలిచి, రేకు పళ్లెంలో మంట పెట్టి, దుప్పటి ఎలా కప్పాలో హిందీలో చెప్తూ అందరిచేతా చేయించాడు. మేస్త్రి దుప్పటిని పెళ్లికొడుకు శాలువాలా భుజాన వేసుకుంటే, "మేస్త్రీ, మంట గటు దిక్కున్నది" అని డ్రైవర్ అరిచాడు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో అందరం కలిసి నవ్వాం. యాట పోయిందని ఏడ్చినవాళ్లే తమ వంతు కోసం తోసుకున్నారు.

తర్వాత మెకానిక్ మూలన పడున్న పాత డబ్బా తీసి చూశాడు. పిడికి సగం తెగిన తీగ ఇంకా వేలాడుతోంది.

"యే కిస్‌నే బాంధా?" అన్నాడు. ఎవరు కట్టారని.

జవాబు కోసం ఆగకుండా అతను చెప్పుకుంటూ పోయాడు. దీన్ని ఒక్కసారి కొంచెం నొక్కినా సరే, పొడి మూతిలో ఇరుక్కుంటుందట. అది సరిగా మూసుకోక లోపలి గాలి మెల్లగా పోతుందట. పొడి ఉన్నా బయటికి తోసే బలం ఉండదట. మళ్లీ నింపించకుండా గోడకు తగిలిస్తే లేనట్టే లెక్కట.

మేస్త్రి ఆ తీగను వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు. బిగించి మెలిపెట్టి, చేతికి గుచ్చుకోకుండా కొస లోపలికి వంచిన ముడి. జీవితమంతా సైట్ల మీద గడిపిన మనిషి. తల ఎత్తి నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. అనకుండా వదిలేసేవాడే అనిపించింది. అలా వదిలేస్తే ఇక ఎప్పటికీ చెప్పలేనని భయమేసింది.

"నేనే" అన్నాను. పెరట్లో నిలబడే మొత్తం చెప్పాను, మటన్ సంగతితో సహా.

"మటన్ ముక్క కోసమారా?" అన్నాడు మేస్త్రి. కోపంగా కాదు, నమ్మలేక. తర్వాత నేల చూస్తూ, "మనిషిని మారిస్తే సాలని అన్నది నేను" అన్నాడు. డ్రైవర్ తాళంచెవి వేలికి తిప్పుతూ, "శుక్రారం బహ్లాకు బండి తీస్త. అందరం పోవాలె. అందరి ముంగటనే ఆయనను మాటలన్నం గదా" అన్నాడు.

కొండల మధ్య రోడ్డు మీద పికప్‌లో ఇరుక్కుని వెళ్లాం. మేస్త్రి కాగితంలో చుట్టిన గరిటెను ఒళ్లో పెట్టుకున్నాడు. చాచా దాన్ని తీసుకుంటాడో లేదో మాకెవరికీ తెలీదు. దారిలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నీళ్ల సీసా మాత్రం అందరికంటే ముందు నాకే ఇచ్చారు.

కెఫ్టీరియా చిన్నది. చాచా పెనం ముందు పరోటా కాలుస్తున్నాడు. ఎడమ చేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదని దూరం నుంచే కనపడింది. ఆయన వెనక గోడకు ఎర్ర డబ్బా ఉంది, దాని ముక్కుకు గుడ్డ లేదు. మమ్మల్ని చూసి ఒక్క క్షణం అట్లకాడ ఆగింది. తర్వాత ముఖం విప్పారింది.

"ఏందప్పా, పెండ్లికి పోతా ఉండారా ఇంతమంది? కూసోండి, కూసోండి. ఏం తింటారు?"

మేస్త్రి కాగితం విప్పి గరిటెను బల్ల మీద పెట్టాడు. చాచా దాన్ని చూశాడు. ముట్టుకోలేదు, పక్కకు నెట్టనూ లేదు. పెనం కింద మంట తగ్గించి, చెయ్యి తుడుచుకుంటూ మా దగ్గరికొచ్చాడు. నా పక్కన కూర్చున్నవాళ్లు నాకు దారి వదులుతూ జరిగారు. నేను లేచి నిలబడ్డాను.

"చాచా, ఆ తీగ కట్టింది నేను. డబ్బా వాడింది నేను. నువ్వు నిజం చెప్తుంటే అందరు నవ్విన్రు, నాకు తెలిసి గూడ తల వంచుకోని తిన్న. నీ చెయ్యి కాలింది నా వల్ల, నీ మాట పోయింది నా వల్ల. తప్పు నాది చాచా. నన్ను మాఫ్ చెయ్యి."