తాండూరు వాకిట్లో ఓడ యాంటెన్నా

నవ్వుకుంటే నవ్వుకోండి. ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా నేను మళ్లీ రేడియో ముట్టను.

ఎనభై మూడు, వానాకాలం. తాండూరులో నాది రేడియో రిపేరు కొట్టు. హామ్ లైసెన్సు కూడా ఉంది... అంటే ఇంట్లో కూర్చుని దూరదేశాల వాళ్లతో మాట్లాడే పిచ్చి. పక్కింటి జైనబ్ భాభీ కొడుకు సలీంకు ఆ పిచ్చి అంటించింది నేనే. టిక్కు టిక్కుమనే మోర్స్ నేర్పాను. వాడు పెద్దయ్యాక ఓడలో రేడియో ఆఫీసరయ్యాడు. ఓడ మీంచి తీసేసిన పాత యాంటెన్నా ఒకటి నాకు పంపాడు. ఇరవై అడుగుల కడ్డీ! తాండూరు స్టేషన్‌లో దించుకుని లారీ మీద తెచ్చుకున్నాను.

వారం తిరక్కుండానే సలీం ఓడ తుఫానులో చిక్కిందని తెలిసింది. ఆ తర్వాత కబురు లేదు. పన్నెండు రోజులు...

"గా కట్టె నిలబెట్టు భాయ్. ఏదన్న ఇనవడ్తదేమో," అంది భాభీ.

ఓడలతో మాట్లాడే హక్కు మాకు లేదు. కానీ తీరంలో ఉన్న హామ్ మిత్రులెవరికైనా ఏమైనా తెలిసి ఉండొచ్చు. కడ్డీ మేం వాడే తరంగాల బ్యాండుకు పొట్టి. అందుకని అడుగున రాగితీగ చుట్ట వేశాను. నాపరాళ్ల మిద్దె మీద నిలబెట్టాను. అదే నా తెలివితక్కువతనం. సెట్టు మూగ!

"ఓడ మీద దీని కింద ఏముంటది భాయ్?"

"ఇనుము. దాని కింద ఉప్పు నీళ్లు. ఇక్కడ ఉత్త రాయి."

భాభీ వాకిట్లో మన్ను చూపించి, ఉప్పు తేవడానికి ఇంట్లోకెళ్లింది. కడ్డీని వాకిట్లోకి దించాం. చుట్టూ పదహారు రాగితీగలు పాతాను. ఆమె బకెట్ల నీళ్లలో ఉప్పు కలిపి మన్నంతా తడిపింది. చీకటి పడింది. కరెంటు పోయింది. సెట్టును లారీ బ్యాటరీకి తగిలించాను.

స్విచ్ వేశాను.

సర్ర్‌ర్... అంతే. చాలాసేపు అంతే.

తర్వాత... టిక్.

సన్నగా. ఎక్కడో అడుగు నుంచి. టిక్... టీ... టిక్... పెన్సిలు అందుకున్నాను. ప్రతి అక్షరంలో చివరి చప్పుడును కాస్త లాగుతున్నారు. ఆ లాగుడు మానమని సలీంను ఎన్నిసార్లు తిట్టానో!

"వాడే," అంది భాభీ. ఆమెకు మోర్స్ రాదు.

అక్షరాలు కాగితం మీద రాసుకున్నాను. ఖై...రి...య...త్. క్షేమం. ఆగిపోయింది.

ఇంకాస్త గట్టిగా వినిపిస్తుందేమోనని యాంటెన్నా కేబుల్ బిగించబోయాను. కేబుల్ చివర... కిటికీ మేకుకు వేలాడుతోంది. సెట్టుకు నేనింకా తగిలించనేలేదు!

నాలుగో రోజు టెలిగ్రాం వచ్చింది. ఓడ రేవుకు చేరింది, సలీం క్షేమం. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

సెలవుకు వచ్చినప్పుడు అడిగాను, ఆ రాత్రి పంపింది నువ్వేనా అని.

"లేదు చాచా. రేడియో గదిల మొత్తం నీళ్లు. సెట్టు ముట్టనే లే. గా రాత్రి సముద్రం జర నిమ్మళమైంది... అన్ని దినాలకు పండుకున్న."

నా అలసట అనుకుందామా? మరి ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పటికీ తీసి చూస్తుంటాను. భాభీకి మాత్రం ఎవరు పంపారన్న ఫికరే లేదు.

"ఎవరు కొడితేంది భాయ్? గా రాత్రి నాక్కూడ నిద్ర పట్టింది."