సుగుణమ్మ టీచరుగారి కంప్యూటరు

మొన్న అమలాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు నిలబడి ఉన్నాను. లోపలాయన సోల్డరింగు చేస్తున్నాడు. సన్నని పొగ బల్ల మీదుగా వచ్చి నా ముక్కుకు తగిలింది. గుగ్గిలం కాలిన వాసన. ఫోను సంగతి మరిచిపోయాను. దాదాపు నలభై ఏళ్ల కిందట, రాజోలు దగ్గర ఒక పెంకుటింటి వరండాలో పది రోజులపాటు పీల్చిన వాసన అది. ఆ ఇల్లు సుగుణమ్మ టీచరుగారిది. నన్ను హేతువాదిని చేసినవి పుస్తకాలని చాలాచోట్ల రాశాను. అది సగం నిజం. మిగతా సగం ఆవిడ.

ఆవిడ మా హైస్కూల్లో ఫిజిక్సు చెప్పేవారు, నేను సోషలు. ఆవిడ తాతగారు రైతుల పొలాల్లో కూలికి వెళ్లిన మనిషి. తండ్రి మిషను బడిలో చదువుకుని, ఆ బడిలోనే పంతులయ్యారు. ఆవిడ ఒక్క ఆదివారం కూడా చర్చి మానరు. నాకప్పుడు పాతికేళ్లు. దేవుడు లేడని ముమ్మిడివరం నుంచి మామిడికుదురు దాకా మైకు దొరికిన ప్రతిచోటా చెబుతుండేవాణ్ణి. ఎదుటివాడి నోరు మూయిస్తే గెలిచినట్టే అనుకునే రోజులు. ఒకసారి ఆవిడ నా సభకు వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. మర్నాడు స్టాఫు రూములో, ఎలా ఉందండీ అని నేనే అడిగాను.

"బాగా మాట్లాడేరు మాస్టారూ. కానీ గంటన్నరలో ఒక్కసారైనా 'నాకు తెలియదు' అనలేదేంటండీ? నాకైతే క్లాసుకి రెండుసార్లు అవసరం పడుతుందండి ఆ మాట."

నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాట గుచ్చుకోవడానికి ఏడాది పట్టింది.

ఎనభైల నడుమ ఆవిడ సొంత డబ్బుతో మద్రాసు నుంచి ఒక పార్సిలు తెప్పించారు. అందులో చేటంత బోర్డు, దాని నిండా రాగి గీతలు, పొట్లాల్లో చిప్పులు, వాటిని గుచ్చే సాకెట్లు, మీటలు ఉన్నాయి. ఇంట్లోనే అన్నీ అతికి కంప్యూటరు కట్టుకోవాలి. తెరగా మామూలు టీవీ. హెడ్మాస్టరుగారు ఒక షరతు పెట్టారు. గురువారం స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారు వస్తారు. ఆయన కళ్లముందు అది పనిచేస్తే మెట్ల పక్క గది పిల్లల కంప్యూటరుకి; లేకపోతే విరిగిన బెంచీలకి. "మన ఆడపిల్లలు దీన్ని బొమ్మలో చూసి ఊరుకోకూడదండి," అన్నారు టీచరుగారు. ఆవిడ అతుకుతుంటే నేను పక్కన కూర్చుని, ఏది ఎక్కడ అతకాలో జాబితా చదివేవాణ్ణి.

ఆదివారం నాటికి అతకడం అయిపోయింది. ఆవిడ చర్చికి వెళ్లారు. బోర్డు అడుగున, అతకడానికి వాడిన గుగ్గిలం మరకలు గోధుమరంగులో అసహ్యంగా కనిపించాయి. ప్రెసిడెంటుగారు చూసే వస్తువు కదా, శుభ్రం చేద్దామనుకున్నాను. మా అమ్మ ఇత్తడి బిందెలు తోమే పద్ధతే నాకు తెలిసిన పద్ధతి. వంటింట్లోంచి చింతపండు, ఉప్పు తెచ్చి పాత బ్రష్షుతో తోమి, నూతి నీళ్లతో కడిగి ఎండలో పెట్టాను. రాగి గీతలు, సీసం అతుకులు తళతళలాడాయి. ఆవిడ వచ్చి, "భలే మెరుస్తోందే" అన్నారు. "తుడిచేనండి," అన్నాను. అంతే చెప్పాను.

సోమవారం బడి వదిలాక హెడ్మాస్టరుగారు కూడా చూడ్డానికి వచ్చారు. టీచరుగారు చిప్పులు గుచ్చి స్విచ్చి వేశారు. తెర ఎడమ మూల చిన్న గడి వెలగాలి. వెలగలేదు. తెరంతా బూడిద చల్లినట్టు చుక్కలు. తీసి మళ్లీ వేశారు. అవే చుక్కలు.

"ఒక కొబ్బరికాయ కొట్టి మొదలెట్టాల్సిందండీ," అన్నారు హెడ్మాస్టరుగారు. "కోనసీమలో కాయలకేం కరువొచ్చింది?"

నేను అందుకున్నాను. కాయ కొడితే కరెంటు పుడుతుందా, ఈ దేశం ఇలా ఎందుకుందో మీలాంటి చదువుకున్నవాళ్లే చెప్పాలి అంటూ అరగంట దంచాను. పాపం, ఆయన టీ చల్లారిపోయింది. టీచరుగారు తలెత్తకుండానే అన్నారు: "కాయ కొట్టలేదండి, నిజమే. ప్రార్థన మాత్రం చేసేను. అదీ పనిచెయ్యలేదని రాసుకోవాలి మరి. మాస్టారూ, ఆయనతో వాదన తర్వాత. ముందు దీని సంగతి చూద్దాం."

మంగళవారం ఆవిడ ఒక్కొక్కటే కొలుస్తూ కాగితం మీద రాశారు. కరెంటు సరిగానే వస్తోంది. అతుకులు గట్టిగానే ఉన్నాయి. చిప్పులు తిరగేసి గుచ్చలేదు. నాకు ఓపిక లేదు. మద్రాసు కొట్టువాడు పాడైన చిప్పులు అంటగట్టాడని తేల్చేసి, వాణ్ణి ఉతికి ఆరేస్తూ రెండు పేజీల ఉత్తరం రాశాను. ఆవిడ చదివారు.

"తెలుగు చాలా బాగుందండి. నేరం రుజువయ్యేక పంపుదాం."

బుధవారం మధ్యాహ్నం ఒక ఆచూకీ దొరికింది. చిప్పును నిద్రలేపే గీత ఒకటుంటుంది. స్విచ్చి వెయ్యగానే దానిమీద ఐదు వోల్టులు రావాలి. మీటరు ముల్లు ఒకటిన్నర దగ్గరే ఆగింది. ఆవిడ చిప్పు పీకి చూశారు. ముల్లు అక్కడే ఉంది. అంటే చిప్పు దోషం కాదు. నా ఉత్తరం అక్కడితో సరి. తర్వాత కరెంటు తీసేసి, ఆ గీతకూ పక్క గీతకూ మధ్య కొలిచారు. రెంటికీ సంబంధం లేదు, ముల్లు కదలకూడదు. కదిలింది. ఆవిడ భూతద్దం పెట్టి సాకెట్టు కాళ్ల మధ్య చాలాసేపు చూశారు. సన్నగా పచ్చని చెమ్మ.

"సముద్రం దగ్గర కదండీ, ఉప్పుగాలి కాబోలు," అన్నారు.

నాకు తెలిసిపోయింది. ఊ కొడితే సరిపోయేది. తప్పు సముద్రం మీదికి పోయేది, ఎవరికీ నష్టం లేదు. నిన్నటిదాకా ఆ కొట్టువాణ్ణి దొంగ అన్న నోరు నాది.

"గాలి కాదండీ. నేను చింతపండుతో తోమేను."

తిడతారనుకున్నాను. ఆవిడ పెన్సిలు తీసుకుని, "ఒట్టి చింతపండా, ఉప్పు కూడానా?" అన్నారు.

"ఉప్పు కూడానండి."

"ఆయ్," అని రాసుకున్నారు. పులుపూ ఉప్పూ సాకెట్ల అడుగున చేరి, మన తేమగాలికి ఆరకుండా, కరెంటుకి దొంగదారి వేశాయని చెప్పారు. సైకిలేసుకుని లారీ బ్యాటరీల కొట్టుకి వెళ్లి, బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్లు తెచ్చాను. ఆవిడ కడిగారు. స్పిరిటుతో మళ్లీ కడిగారు. మర్నాడు పొద్దున్నంతా ఎండలో ఉంచాం.

గురువారం మూడింటికి ప్రెసిడెంటుగారి ముందు స్విచ్చి వేస్తే మూల గడి వెలిగింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన పేరు కొట్టి, తెర మీద చూసుకుని, చేత్తో నోరు మూసుకుంది. గది పిల్లలదైంది.

"ఇంతకీ దోషం ఎక్కడుందండీ?" అని హెడ్మాస్టరుగారు అడిగారు. టీచరుగారు నాకేసి చూడలేదు. వైరు సర్దుతూ ఉండిపోయారు.

"నా చేతిలోనండి," అని జరిగిందంతా అందరి ముందూ చెప్పాను.

హెడ్మాస్టరుగారు కడుపుబ్బ నవ్వారు. "మా ఇంట్లో నాలుగు బిందెలున్నాయి మాస్టారూ, ఆదివారం ఖాళీయేనా?" అన్నారు. ఆ నెలలో నేను పెట్టిన సభకు అడక్కుండానే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఎందుకొచ్చారని అడిగితే, "తనదే తప్పన్న మనిషి ఇంకేమంటాడో విందామని," అన్నారు. అన్నాళ్లూ నేను గెలిచిన ఏ వాదమూ ఆయన్ని నా సభకు తీసుకురాలేదు.

సుగుణమ్మగారు ఇప్పుడు లేరు. ఆవిడ నమ్మిన దేవుణ్ణి నేను ఇప్పటికీ నమ్మను. అయితే ఎవరిమీదైనా కలం ఎత్తే ముందు, ఈ వ్యవహారంలో నా చేతులు ఏం చేశాయో ముందు కాగితం మీద రాసుకుంటాను. అలా రాశాక కొన్ని వ్యాసాలు ముందుకు సాగలేదు. సాగినవాటిలో తర్వాత కొట్టెయ్యాల్సిన మాటలు తక్కువ.