వెళ్లి చెప్పి రావాలి

విజయనగరంలో నేనుండే వీధి చివర ఈ మధ్య ఎవరో జీడిపిక్కలు కాల్చడం మొదలుపెట్టారు. సాయంత్రం కిటికీ తెరిస్తే ఆ ఘాటు గొంతులో పట్టుకుంటుంది. పక్కింటివాళ్లు తలుపులు మూసుకుంటారు. నేను మూయను. ఆ వాసనలో ఒక్కదాన్నే కూర్చుంటే, చీర కొంగు నడుముకు దోపుకుని, ఎదుటివాళ్లను పలకరించేలోపే "ఏదీ, చేతులు చూపించు" అనే ఒక మనిషి కళ్లముందుకు వస్తుంది.

ఆమె పేరు కృష్ణవేణి. పలాస వైపు ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఊరందరికీ నర్సమ్మగారే. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులకు ఏళ్ల తరబడి కట్లు కట్టారు. పెంకులోంచి కారే జీడి నూనె చర్మాన్ని తినేస్తుంది. ఆసుపత్రి రిజిస్టరులో మాత్రం అది ఉత్త కాలిన గాయం. ఏ పని చేస్తూ కాలిందో రాయడానికి అందులో చోటే లేదు. ఆ బాధతోనే ఆమె ఉద్యోగం అయిపోయాక ఒక చిన్న మహిళా సంఘం పెట్టారు. డిగ్రీ పూర్తిచేసిన నేను, ఇంగ్లీషు రాయగలనన్న ఒక్క అర్హతతో అందులో చేరాను.

ఐక్యరాజ్యసమితిలో స్త్రీల హక్కుల కమిటీ ఒకటుంది. ఒక్కో దేశ ప్రభుత్వాన్నీ జెనీవాకు పిలిచి, మీ ఆడవాళ్లకు ఏం చేశారని అడుగుతుంది. ప్రభుత్వం తన నివేదిక ఇస్తుంది. మాలాంటి సంఘాలు కూడా తమకు తెలిసింది రాసి పంపవచ్చు. ఢిల్లీలో కొన్ని సంఘాలు కలిసి అలాంటి నివేదిక తయారుచేస్తూ మమ్మల్నీ రాయమన్నాయి. నేను ఉత్సాహంగా, బరువైన ఇంగ్లీషు మాటలతో నాలుగు పేజీలు రాశాను. నర్సమ్మగారు దాన్ని మళ్లీ తెలుగులోకి మార్చి, తన గోడు మాకు చెప్పుకున్న ఒక జీడిపిక్కల ముసలమ్మకే వినిపించమన్నారు.

ముసలమ్మ చివరిదాకా విని, "ఇదంతా ఎవులు సెప్పినారు? నాను సెప్పనేదు" అంది.

"మరి నువ్వేం చెప్పావమ్మా?"

"నా సేత్తో ముద్ద పెడితే మనవరాలు తినదు. నల్లగా ఉన్నాదని మొకం తిప్పేస్తాది. అదీ నాను సెప్పింది."

నర్సమ్మగారు నావైపు చూసి, "అదే రాయి," అన్నారు.

నేను తప్పు చేసింది ఆ తర్వాత. మా దగ్గరికి ఇంకొకామె వచ్చింది; ఎర్రమ్మ అందాం, అసలు పేరు అది కాదు. తను పనిచేసే చోట మేస్త్రీ తనను ఏం చేశాడో మా ఇద్దరికే చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ కూడా రాయను. రాసుకోవడానికి ఒప్పుకుంది గానీ, మూడోనాడు వచ్చి, "వొద్దమ్మా, తీసీండి. తెలిస్తే నాకు పనుండదు, ఇల్లుండదు" అంది. అప్పటికే నేను ఆమె పేరుతో సహా ఢిల్లీకి మెయిల్ పంపేశాను. మొత్తం నివేదికలో అంత బలమైన మాట ఇంకొకటి లేదన్న తొందర నాది.

నర్సమ్మగారు నన్ను తిట్టలేదు. రోజంతా ఫోన్ పట్టుకుని, మెయిల్ ఎవరెవరికి చేరిందో కనుక్కుని, ఒక్కొక్కరి చేతా తీయించారు. తర్వాత, "పద, ఎర్రమ్మకు చెప్పాలి" అన్నారు.

"తీసేశారుగా మేడమ్, మళ్లీ చెప్పి భయపెట్టడం ఎందుకు?"

"జరిగింది ఆవిడ విషయంలో. మన దగ్గర దాచుకుంటే ఎలా?"

ఎర్రమ్మ నేను చెప్పింది విని, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అంతకంటే పెద్ద చప్పుడు నా జీవితంలో వినలేదు.

నెలలు గడిచాక కమిటీ అభిప్రాయాలు వచ్చాయి. అసంఘటిత రంగంలోని స్త్రీల గురించి ఒక్క వాక్యముంది. జీడి లేదు, చేతులు లేవు, మా ఊరు లేదు. సంఘంలో మిగిలినవాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. నర్సమ్మగారు మాత్రం ఆ వాక్యాన్ని తెలుగులో కాగితం మీద రాసుకుని, మాకు తమ గోడు చెప్పుకున్న ప్రతి గడపకూ నన్ను వెంటబెట్టుకుని తిరిగారు. కొందరు నవ్వారు, కొందరు పనుందన్నారు. ఎర్రమ్మ ఈసారి తలుపు తీసింది.

"నీ పేరు ఎక్కడా లేదమ్మా. నీ మాట కూడా లేదు," అన్నారు నర్సమ్మగారు.

"బతికినాను," అంది ఎర్రమ్మ. మళ్లీ, "అయితే ఎవులూ ఇన్నేదన్నమాట," అంది.

నర్సమ్మగారు చేతిలోని కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. తిరిగొచ్చే బస్సులో ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత రెండేళ్లకు ఆమె పోయారు. పాడె వెనక నడిచినవాళ్లలో సంఘం తరఫున నేనొక్కదాన్నే.

ఇప్పుడు ఈ పని నాది. సముద్రంలో వేటకు వెళ్లి పొరుగు దేశం జైల్లో చిక్కుకున్న తమ మగవాళ్ల గురించి భావనపాడు మత్స్యకార ఆడవాళ్ల చేత ఐక్యరాజ్యసమితికి ఒక ఉత్తరం రాయించాను. అందిందన్న నాలుగు ముక్కలు తప్ప ఏమీ రాలేదు. ఆ సంగతి చెప్పడానికే పోయిన వారం వెళ్లాను. ఎండలో ఇసుక దారిన నడిచి వెళ్లేసరికి ఒకావిడ చేపలు ఆరబెడుతోంది.

"ఏటైనా వచ్చినాదా?"

"ఏమీ రాలేదమ్మా."

"అది సెప్పడానికి ఇంత దూరం వచ్చినావేటి?"

"అవునమ్మా."

ఆమె నీడలో ఉన్న చేపల గంప పక్కకు జరిపి, నేను కూర్చోవడానికి చోటిచ్చింది.