బాణాల సామికి పసుపు

నా చిన్నప్పుడు నాచారంలో మా ఇంటికీ పక్కింటి అక్కవాళ్లకూ మధ్య ఒకటే గోడ. ఉప్పల్‌లో పొలం పోయాక మా నాన్న ఇక్కడి మిల్లులో చేరాడు. అక్క దవాఖానాలో నర్సు. వాళ్లు కథోలికులు. మేం శుక్రవారం వస్తే గడపకు పసుపు రాసుకునేవాళ్లం. ఆ పని నాది. అమ్మ నన్ను నమ్మి అంతకన్నా పెద్ద పని ఇచ్చేది కాదు.

వాళ్ల చర్చిలో ఏటా ఒక వేదసాక్షి, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన ఆయన, పండుగ చేసేవారు. ముందురోజు ఆ పునీతుడి విగ్రహాన్ని ఎవరో ఒకరి ఇంట్లో ఉంచి, మర్నాడు ఊరేగింపుగా తీసుకెళ్లేవారు. ఆ ఏడు అక్కవాళ్ల వంతు. చెట్టుకు కట్టేసిన పడుచువాడు, ఒళ్లంతా బాణాలు. మా వాడ పిల్లలకు ఆయన బాణాల సామి. ఫ్యాక్టరీలకు బోర్డులు రాసే తాత ఒకాయన విగ్రహానికి కొత్తగా రంగులేశాడు. గాయాల దగ్గర నెత్తురు ఎంత శ్రద్ధగా దిద్దాడంటే, అప్పుడే కారుతున్నట్టు ఉంది.

మా ఇంట్లో దెబ్బ తగిలితే ముందు పెట్టేది పసుపే. ఇంతమంది పెద్దవాళ్లు దండలు వేశారు గానీ ఒక్కరూ మందు పెట్టలేదేమని నాకు కోపం వచ్చింది. ఆ శుక్రవారం మధ్యాహ్నం అక్కవాళ్లింట్లో ఎవరూ లేనప్పుడు, గడపకు రాయగా మిగిలిన ముద్ద తీసుకెళ్లి ప్రతి గాయానికీ అద్దాను. అంతలో ఎవరో వస్తున్న చప్పుడైంది. భయమేసి తడిగుడ్డతో తుడిచేశాను. ముద్ద పోయింది గానీ మరకలు పోలేదు.

సాయంత్రం చర్చి పెద్దలు చూసి, రంగు పాడైందని తాతను పిలిపించారు. "బోర్డులు రాసెటోనికి సామి పని ఇస్తే గిట్లనే ఉంటది. ఇంకోపారి నిన్ను పిలిస్తే ఒట్టు" అన్నాడొకాయన. తాత ఒక మరకను వేలితో రుద్ది వాసన చూశాడు. తర్వాత నా చేతుల వంక చూశాడు. శుక్రవారం నా చేతులు పచ్చగా ఉండడం మిగతావాళ్లకు వింత కాదు. ఆయన మాత్రం తల దించుకుని, "పొద్దుగాల మల్ల ఏస్త అయ్యా" అన్నాడు. బతికిపోయాననుకున్నాను.

ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని, బాణాలు తగిలి ఆయన చచ్చిపోయాడా అని అక్కను అడిగాను. లేదంది. ఆయన ఒక చక్రవర్తి కొలువులో సిపాయి. విశ్వాసం కోసం జైలు పాలైనవాళ్లకు రహస్యంగా ధైర్యం చెప్తున్నాడని తెలిసి, బాణాలతో కొట్టించి, చనిపోయాడనుకుని వదిలేశారట. పాతిపెట్టడానికి వచ్చిన ఒక విధవరాలు ఊపిరి ఆడడం చూసి, ఇంటికి తీసుకెళ్లి గాయాలు మాన్పిందట. పసుపే పెట్టి ఉంటుందని నేను గట్టిగా అనుకున్నాను. ఊరు విడిచి పొమ్మని అందరూ బతిమాలితే, ఆయన తిన్నగా వెళ్లి చక్రవర్తి ఎదుట నిలబడి, నువ్వు చేస్తున్నది అన్యాయమన్నాడట. ఈసారి చచ్చేదాకా కర్రలతో కొట్టారట.

"తప్పించుకున్నోడు మల్ల ఎందుకు పోయిండక్కా?" నాకు ఒళ్లు మండింది.

"ఆయన తప్పించుకుండు. జైల్లున్నోళ్లు తప్పించుకోలే గద" అంది అక్క. నా సంగతి తెలిసే అందో, మామూలుగానే అందో నాకు ఇప్పటికీ తెలియదు.

పొద్దున్నే తాత అక్కవాళ్ల వాకిట్లో మళ్లీ రంగులేస్తున్నాడు. చుట్టూ పెద్దలున్నారు. వాళ్ల మధ్యకు వెళ్లి, "పసుపు నేనే పెట్టిన. తాత తప్పేం లేదు" అన్నాను. అమ్మ పరుగున వచ్చి వీపు మీద ఒకటిచ్చింది. అది నాకు రావలసిందే. నిన్న మాట తూలిన పెద్దాయన మాత్రం దండలు సర్దుతూ అటు తిరిగాడు.

తాత కుంచె దించలేదు. "నాకు ఎరుకే బిడ్డా, వాసన రాదా? కొడ్తరని చెప్పలే" అన్నాడు. దెబ్బకు రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు. "ఊకో. మందు మంచిదే, సామికి బాగ పట్టింది" అని నవ్వాడు. మరుసటి ఏడూ ఆయన్నే పిలిచారు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు ఆపడం మరిచింది నేను, తిట్లు తిన్నది వాచ్‌మన్. తలుపేసుకుని హాయిగా కూర్చోబోయాను. కూర్చోలేకపోయాను. మోకాళ్లు పట్టుకుని మూడంతస్తులు దిగి వెళ్లి, తప్పు నాదని అందరిముందూ చెప్పాను. దిగుతున్నంతసేపూ నా వేళ్లు పసుపు వాసన వేస్తూనే ఉన్నాయి.