మునిస్వామి మడిచిన పారాచూట్

చింతాద్రిపేటలో మునిస్వామిని ఇప్పటికీ ‘ఏర్‌ఫోర్సు తాత’ అంటారు. విమానం మాత్రం ఆయన ఏనాడూ నడపలేదు.

అప్పట్లో వైమానిక దళం పెరుగుతోంది. కొత్త విమానాలు, కొత్త స్థావరాలు. మనుషులు చాలడం లేదు. తాంబరం వైమానిక కేంద్రంలో మునిస్వామి ఎంపికైన రోజు తల్లి అమ్మణి అడిగింది.

“ఏమిరా, ఏరోప్లేను తోలేదానికి పోతా ఉండావా?”

“లేదుమా. పారాచూట్లు మడిచే పని.”

“గుడ్డలు మడిచేదానికి అంత దూరమా! ఈడ మన పేటలో లేవా?”

శిక్షణ ముగిశాక పంజాబులో ఒక స్థావరానికి పంపారు. పొడుగాటి బల్లమీద నైలాన్ గుడ్డ పరచి, తాళ్లు చిక్కుపడకుండా సర్ది, మడతమీద మడత వేసి సంచిలో కూర్చాలి. డెబ్బై ఒకటి డిసెంబరులో యుద్ధం వచ్చింది. రన్‌వే మీద బాంబులు పడితే వంటవాళ్లు, గుమాస్తాలు, మునిస్వామి, అందరూ తట్టలతో మట్టి మోసి గుంతలు పూడ్చారు.

ఒక మధ్యాహ్నం ఖండేకర్ అనే పైలట్ తిరిగి రాలేదు. విమానం సరిహద్దు అవతల కూలిందన్నారు. అతను కట్టుకుపోయిన పారాచూట్ మునిస్వామి మడిచిందే. అది విచ్చుకుందో లేదో చూసినవాళ్లు లేరు. ఆనాటి నుంచి మునిస్వామికి అన్నం సయించలేదు.

“నావల్ల కాదు సార్, ఇంకెవరికైనా చెప్పండి,” అన్నాడు పై అధికారితో.

“ఇంకెవరున్నారు? రేపు ఎగరాల్సినవాళ్లు ఉన్నారు, మడువు,” అన్నాడాయన.

మడిచాడు. ఒక్క తాడు వంకరగా పడ్డా విప్పి మళ్లీ మొదటినుంచి మడిచాడు.

తర్వాత ఒకరోజు శత్రుదేశపు రేడియో పట్టుబడిన పైలట్ల పేర్లు చదివింది. వాటిలో ఖండేకర్ పేరుంది. భోజనశాలలో అందరూ తలలు దించుకున్నారు. మునిస్వామి షెడ్డు వెనక్కి పోయి సంతోషంతో ఏడ్చాడు. ఒకడు ఖైదీ అయితే తనకు సంతోషమేమిటని సిగ్గు కూడా పడ్డాడు.

మరుసటి ఏడాది ఖైదీలు విడుదలయ్యారు. కొన్నాళ్లకు ఖండేకర్ స్థావరానికి వచ్చాడు. చిక్కిపోయాడు, ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు. మునిస్వామి అతని దగ్గరికెళ్లి తనకొచ్చిన హిందీలో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

“మీరు పట్టుబడ్డారని వినగానే నాకు సంతోషమయింది సార్. క్షమించాలి.”

ఖండేకర్ పకపకా నవ్వాడు.

“మా అమ్మ ఆరోజు వీధంతా లడ్డూలు పంచిందట! నీ పారాచూట్ చక్కగానే విచ్చుకుందిలే. గాలే అటువైపు తోసింది.”

ఆ తర్వాత చాలా ఏళ్లు మునిస్వామి అదే పని చేసి, పదవీ విరమణ చేసి, చింతాద్రిపేటకే వచ్చేశాడు. ఈమధ్య టీవీలో మళ్లీ యుద్ధవార్తలు మోగిన రోజుల్లో, పక్కింటి బాలకృష్ణన్ తలుపు దగ్గరే నిలబడి ఉత్సాహంగా అన్నాడు.

“తాతా, విమానం కూలిందంట! మనదో వాళ్లదో ఇంకా తెలీలేదు.”

“లోపలుండే పిలగాడు దిగినాడా? అది చూసి చెప్పబ్బా,” అంటూ మునిస్వామి కుర్చీ టీవీ దగ్గరికి లాక్కున్నాడు.