గింజలక్క బొటనవేలు

అరుదైన మొక్కలను కాపాడే ఆ తోటలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ గింజలక్కే. పంతొమ్మిదో ఏట విత్తనాల గదిలో పనికి చేరింది. ఏ గింజనైనా బొటనవేలి గోటికింద పెట్టి మెల్లగా నొక్కిందంటే, లోపల పప్పుందో, ఉత్త తాలో ఇట్టే చెప్పేసేది. యంత్రం తెప్పిస్తామని పైవాళ్ళు ఏటా అనేవారు. ఆ గోరుండగా యంత్రమెందుకని తోట చూసుకునే పెద్దసారు కొట్టిపారేసేవాడు.

ఆయన మంచుకొండల మీంచి గుప్పెడు గింజలు తెచ్చేనాటికి ఆమెకు ముప్ఫై రెండేళ్ళు. చామంతుల కుటుంబమే గాని, కొండల మీద తప్ప బతకని ప్రజాతి అది. ఒళ్ళంతా వెండిరంగు నూగు. ఇరవై ఏళ్ళు ఆకులు వేస్తూ వేస్తూ, ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. అందులో పద్నాలుగు రకాలుంటే పదమూడు క్షేమంగానే ఉన్నాయి. ఈ ఒక్కదాన్నే ఆ తర్వాతి ఏడు కొండచరియ విరిగిపడి ఊడ్చిపెట్టేసింది. ఇక లోకం మొత్తమ్మీద మిగిలినవి, మోటారుతో కొండచలి పుట్టించే చల్లగదిలో గింజలక్క పెంచిన మొక్కలే.

"వాటిమీదున్న ధ్యాసలో పావువంతు నామీద పెట్టవే," అని మొగుడు దెప్పేవాడు.

"నువ్వూ వాటిలాగా ఇరవై ఏళ్ళు నోరెత్తకుండా ఉండు, అప్పుడు చూద్దాం," అనేది.

ఒక్కొక్కటే పోయి రెండు మిగిలాయి. నిరుడు చల్లగది మోటారు ఆగిపోయిన మూడు రోజుల్లో వాటిలో చిన్నది వేరు కుళ్ళి పోయింది. ఈ ఏడు పెద్దది మొగ్గ తొడిగింది. సంతోషించాల్సింది పోయి గింజలక్క కూలబడి ఏడ్చింది.

"తన పుప్పొడి తనకు పట్టదమ్మా. జత లేదుగా," అన్నాడు పెద్దసారు.

"వెయ్యింట ఒకటైనా పట్టదా సార్?"

ఆయన పుప్పొడి అద్దే కుంచె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

నలభై రోజులు పొద్దున్నే కుంచెతో పువ్వు పువ్వునూ తాకింది. మోకాళ్ళు పట్టేస్తున్నా స్టూలు దిగలేదు. తిండి సయించలేదు. మొక్క కిందినుంచి ఎండుతూ వచ్చి, చివరికి ఎండుపూలు మాత్రం ఆమె ఒళ్ళో పడ్డాయి.

"ఏరొద్దులే, అన్నీ కలిపి చల్లేద్దాం," అన్నాడు పెద్దసారు.

"తాలుకు బూజు పడుతుంది సార్. పక్కన మంచిదేదైనా ఉంటే దాన్నీ తినేస్తుంది."

అదీ నిజమే. ఆయన సరేనన్నాడు.

ఎండుపూలలోంచి గింజలు దులిపి, కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని నొక్కి చూడటం మొదలుపెట్టింది. తాలు. తాలు. మళ్ళీ తాలే. మొదటి వంద దాకా చెయ్యి మెత్తగానే ఆడింది. ఐదొందలు దాటేసరికి దుఃఖమూ కోపమూ ఒకటై వేలిలోకి దిగాయి. ఇన్నేళ్ళ చాకిరీకి ఇదా ఫలితం! చూడకుండానే నొక్కి పారేయసాగింది.

టిక్కుమని చిన్న చప్పుడైంది.

తాలు చప్పుడు చెయ్యదు. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తర్వాత మిగతావాటిని ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే చూసింది. అన్నీ తాలే.

పెద్దసారు తలుపు దగ్గరికొచ్చి అడిగాడు: "ఏమైనా ఉన్నాయా?"

"ఒకటి పట్టింది సార్."

ఆయన ముసలిమొహం చంటిపిల్లాడి మొహమైపోయింది. "ఏదీ? ఏదీ, చూడనీ!"

గింజలక్క బొటనవేలు చాపింది. గోటికింద తెల్లటి పప్పు నలిగి అంటుకుని ఉంది.